భీమిలి తీరంలో గ్రహాంతర పురుగులు: తక్కువ ఖర్చు టెలీఫిల్ముకి పురుగును బొమ్మగా కట్టాలా, కంప్యూటర్లో చెయ్యాలా?

భీమిలి_ఫ్రేమ్
అందరికీ నమస్కారం. 50 నిమిషాల టెలీఫిల్ము, స్క్రిప్టు పూర్తయింది. ఉల్కలాంటిదేదో సముద్రంలో పడుతుంది. వారం తిరక్కుండా కొబ్బరి తోటల్లోంచి ఎద్దంత పురుగులు బయటికొస్తాయి. షూటింగు 9 రోజులు. పురుగు కనిపించే షాట్లు 60, ఒక్కోటి సగటున 4 సెకన్లు. పురుగు పనికి విడిగా 70 వేలు పెట్టుకున్నాం. ఉన్నది ఒకే కంప్యూటరు, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు. అంతా బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేరులోనే లాగించొచ్చా, లేక బొమ్మ కట్టడం మంచిదా? రెండూ కలిపితే దేనికి ఎంత?

గాజువాక_రెండర్
ముందు లెక్క చూడండి. 60 షాట్లు, 4 సెకన్లు, సెకనుకు 25 ఫ్రేములు అంటే 6000 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముని కంప్యూటరు తయారుచెయ్యడానికి, అదే రెండరుకి, 5 నిమిషాలు వేసుకున్నా 30,000 నిమిషాలు, అంటే 500 గంటలు. రాత్రీ పగలూ ఆపకుండా 21 రోజులు. అదీ అన్నీ మొదటిసారే సరిగ్గా వస్తే. ఒక్క షాటూ మొదటిసారి రాదు, కాబట్టి రెట్టింపు అనుకోండి.

కంప్యూటరు పురుగును 22 షాట్లకు కుదించి, ఒక్కోటి రెండున్నర సెకన్లు చెయ్యండి. 1375 ఫ్రేములు, 115 గంటలు, దగ్గర దగ్గర 5 రోజులు. మూడుసార్లు తిరగేసినా నెల లోపే. మిగతా 38 షాట్లలో పురుగు నీడగానో, కాలుగానో, తలగానో, చప్పుడుగానో ఉండాలి.

రెండర్ని ఎప్పుడూ నేరుగా వీడియో ఫైలుగా తియ్యొద్దు. కరెంటు పోతే ఆ ఫైలు మొత్తం చెడిపోతుంది. ఫ్రేము ఫ్రేముగా ఈఎక్స్‌ఆర్ అనే రకం చిత్రం ఫైళ్లు రాయించుకుంటే 800వ ఫ్రేము దగ్గర ఆగినా 801 నుంచి ఎత్తుకోవచ్చు.

చవక టీవీ సినిమాలు పురుగుల వెంట ఎందుకు పడతాయో కూడా చెబుతాను, మీ నిర్ణయానికి పనికొస్తుంది. పులిని చెయ్యాలంటే వెంట్రుకలు, చర్మం కింద కండ కదలిక, ముఖంలో భావం, అన్నీ కావాలి. పురుగుకి ఇవేవీ లేవు. గట్టి పెంకు ముక్కలు, వాటి మధ్య కీళ్లు. ఒక్కో పెంకుని కంప్యూటరు బొమ్మ లోపలి ఒక్కో ఎముకకి నేరుగా తగిలిస్తే సరిపోతుంది, వెయిట్ పెయింటింగు (ఏ ఎముకతో చర్మం ఎంత కదలాలో చేత్తో దిద్దడం) బాధ లేదు. పైగా ఒకటి చేస్తే వంద చేసినట్టే. తక్కువ డబ్బున్నవాడికి పురుగుని మించిన రాక్షసుడు లేడు.

పెందుర్తి_ప్రాప్స్
లెక్క బాగుంది గాజువాక అన్నా. ఆ 38 షాట్ల సంగతి నేను చెబుతాను.

మొత్తం పురుగు కట్టొద్దు. రెండు ముందు కాళ్లు, ఒక తల, అంతే. పూర్తి ఒళ్లు కడితే మొయ్యడానికి ఆరుగురు, దాచడానికి ఒక షెడ్డు కావాలి, ఆపైన కదిలితే ఊరేగింపు బొమ్మలా ఉంటుంది.

ఒక కాలు ఆరు అడుగులు. తొడ భాగానికి ముప్పావు అంగుళం పీవీసీ పైపు రెండున్నర అడుగులు, పిక్కకి అర అంగుళం పైపు మూడు అడుగులు, చివర అర అడుగు పాదం కొక్కెం. కీలు దగ్గర 8 మిల్లీమీటర్ల బోల్టు, రెండు వైపులా వాషర్లు, నైలాన్ నట్టు. మామూలు నట్టు వేస్తే పది టేకుల్లో వదులైపోతుంది. బోల్టు వెళ్లేచోట పైపు లోపల కర్రముక్క బిగించండి. లేకపోతే బిగించినకొద్దీ పైపు నొక్కుకుపోయి పగులుతుంది.

పైన చర్మానికి పిల్లలు ఆడుకునే 10 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ పలకలు. రెండడుగుల పలకలు కాలుకి నాలుగు పడతాయి. పెంకుల మీద పెంకు ఎక్కినట్టు రావడానికి 5 మిల్లీమీటర్ల షీటు విడిగా తీసుకోండి. హీట్ గన్‌తో వేడి చేసి స్టీలు చెంబు మీద నొక్కి పట్టుకుంటే ఆ వంపు అలాగే నిలుస్తుంది. మరీ ఎక్కువ వేడి చేస్తే పైపొర మెరుపెక్కి ముడుచుకుంటుంది, ఆ ముక్క ఇక పనికిరాదు. కిటికీలన్నీ తెరిచి, ముక్కుకి ఆవిర్లు ఆపే మాస్కు పెట్టుకుని చెయ్యండి.

కాలి ముళ్లకి, రోమాలకి కొబ్బరి ఈనెల్ని మించింది లేదు. మొదట్లో లావు, చివర సన్నం, కొద్దిగా వంపు, అచ్చం పురుగు కాలి ముల్లే. సూదితో ఫోమ్‌లో కన్నం చేసి, ఈనె అడుగున జిగురు అద్ది గుచ్చండి. ముళ్లన్నీ పాదం వైపుకి వాలి ఉండాలి.

అసలు గొడవ మన ఊరి గాలితో. రబ్బరు జిగురు, అదే ఎస్ఆర్ 998 లాంటిది, రెండు ముక్కలకీ పూసి, చేతికి అంటనంత ఆరాక నొక్కాలి, పది పదిహేను నిమిషాలు. విశాఖలో తేమ ఎక్కువున్న రోజున జిగురులోని ద్రావకం ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, దాని మీద గాలిలోని తేమ చేరుతుంది. సన్నటి తెల్లపొర కనిపిస్తుంది. ఆ పొర మీద నొక్కితే ఆ రోజుకి అతుక్కున్నట్టే ఉండి, మర్నాడు ఎండలో విచ్చుకుంటుంది. తెల్లపొర కనిపిస్తే హెయిర్ డ్రయ్యరుతో దూరం నుంచి వెచ్చబెట్టి, పొర పోయాకే నొక్కండి.

రంగుకి ముందు ఫెవికాల్‌ని నీళ్లతో సగం సగం కలిపి మూడు నాలుగు పూతలు వెయ్యండి, లేకపోతే ఫోమ్ రంగుని పీల్చేస్తుంది. ఎనామిల్ వద్దు, వంగినచోట పగుళ్లిస్తుంది. నల్ల ఆక్రిలిక్ అడుగున, పైన ఆరిన కుంచెతో ముదురు గోధుమ, అంచుల మీద మాత్రం లేత రంగు. చివర్లో వార్నిష్.

భీమిలి_ఫ్రేమ్
చాలా థాంక్స్ అన్నా. దవడలకి కారు వైపరు మోటారు పెడదామనుకుంటున్నాం, 12 వోల్టులది. సరిపోతుందా?

పెందుర్తి_ప్రాప్స్
బలం సరిపోతుంది, బొమ్మ చెడుతుంది. మోటారు ఒకే వేగంతో తిరుగుతుంది, దవడలు కుట్టుమిషన్‌లా ఆడతాయి. రొద వల్ల డైలాగు మొత్తం డబ్బింగుకి పోతుంది.

సైకిలు బ్రేకు లివర్లు రెండు, బ్రేకు కేబుళ్లు రెండు, దవడని వెనక్కి లాగడానికి స్ప్రింగులు రెండు తెచ్చుకోండి. తల వెనక ఒక మనిషి కూర్చుని రెండు చేతులతో రెండు దవడలు ఆడిస్తాడు. మనిషి చెయ్యి ఆగుతుంది, తడబడుతుంది, ఒక దవడ ముందూ ఒకటి వెనకా పడుతుంది. ప్రాణం ఉన్నట్టు కనిపించేది అక్కడే. కేబులు ఎక్కడా బొటనవేలి వంపు కంటే ఇరుగ్గా వంచొద్దు, లోపల పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ తీగే తీసుకోండి. మామూలు తీగ సముద్రపు గాలికి వారంలో తుప్పు పట్టి, సరిగ్గా క్లైమాక్సు రోజున బిగుసుకుంటుంది.

కొబ్బరితోట
దవడల మాట వచ్చింది కాబట్టి ఒకటి. పురుగు దవడలు పక్కలకి తెరుచుకుంటాయి, మనలా పైకీ కిందికీ కాదు. కళ్లలో నల్లగుడ్డు ఉండదు, రెప్ప ఉండదు. ఆరు కాళ్లూ ఛాతీ భాగం నుంచే మొలుస్తాయి, పొట్ట నుంచి ఒక్కటీ రాదు. చవక సినిమాల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, కాళ్లని ఒంటి పొడవునా సమానంగా సర్దేస్తారు. గ్రహాంతర జీవి కదా, ఎలా ఉంటే ఏం అంటారు. కానీ చూసేవాడు పురుగులా ఉందని నమ్మాకే కదా దానికి భయపడేది.

మీ కథ కొబ్బరి తోటల్లో మొదలవుతోంది కాబట్టి నమూనాకి కొమ్ము పురుగుని తీసుకోండి. కొబ్బరి మొవ్వుని తొలిచేసే ఆ నల్ల పురుగే. మూడున్నర నుంచి అయిదు సెంటీమీటర్లు ఉంటుంది. రైతులు మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో బయటికి లాగుతారు, అడిగితే ఇస్తారు. నెత్తిన కొమ్ము, నిగనిగలాడే గట్టి పైరెక్కలు, వాటి కింద మడత పెట్టిన పల్చటి రెక్కలు. పైరెక్కలు విచ్చుకునే ఒక్క షాటు ఉంటే చాలు, ఎగరబోతోందని అందరికీ తెలుస్తుంది. అది తొలిచిన మట్ట విచ్చుకున్నాక ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు వంకీగా ఉంటాయి. కథలో మొదటి ఆనవాలు అదే పెట్టండి. కోనసీమ నుంచి ఇచ్ఛాపురం దాకా కొబ్బరి ఉన్న ప్రతి ఊళ్లో ఆ గుర్తు తెలుసు.

నడక మరీ ముఖ్యం. ఒక పక్క ముందు కాలు, వెనక కాలు, రెండో పక్క మధ్య కాలు, ఈ మూడూ నేల మీద ఉండగా మిగతా మూడూ లేస్తాయి. ముక్కాలి పీటలా ఎప్పుడూ మూడు ఆనుతాయి. ఇది తప్పితే ఎంత మంచి రెండరైనా జారుతున్నట్టుంటుంది.

వేగం సంగతి. అయిదు సెంటీమీటర్ల పురుగుని ఒకటిన్నర మీటర్లకి పెంచితే 30 రెట్లు. కాలి ఊపుకి పట్టే కాలం పొడవుకి వర్గమూలంగా పెరుగుతుంది, అంటే అయిదున్నర రెట్లు. చిన్న పురుగు సెకనుకి నాలుగు అడుగులు వేస్తే పెద్దది ఒక్క అడుగు వెయ్యడానికి సెకనున్నరకి కాస్త తక్కువ పడుతుంది. మీ యానిమేషనులో అది చీమలా గబగబా నడిస్తే ప్లాస్టిక్ బొమ్మలా తేలిపోతుంది.

భీమిలి_ఫ్రేమ్
కొబ్బరితోట గారూ, ఎద్దంత పురుగు అసలు బతకదని ఎవరో ఒకరు కామెంటు పెడతారు. కథలో ఏం చెప్పాలి?

కొబ్బరితోట
నిజమే, బతకదు. పొడవు రెట్టింపైతే కాలి అడ్డుకోత వైశాల్యం, అంటే మోసే బలం, నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు. 1638లోనే గెలీలియో రాసిన సంగతి ఇది. 30 రెట్లు పెంచితే కాలి అడ్డుకోత వైశాల్యం 900 రెట్లు, బరువు 27,000 రెట్లు. రెండోది ఊపిరి. పురుగుకి ఊపిరితిత్తులు లేవు, ఒంటి పక్కన ఉన్న రంధ్రాల నుంచి సన్నటి గొట్టాల్లో గాలి లోపలికి వెళ్తుంది. ఒళ్లు పెద్దదైతే లోపలి దాకా ప్రాణవాయువు చాలదు. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ ఇప్పటి 21 శాతం కంటే బాగా ఎక్కువుండేది. అప్పటి తూనీగలాంటి పురుగు మెగాన్యూరా రెక్కల విస్తారం దాదాపు 70 సెంటీమీటర్లు.

దాన్ని దాచకండి, కథలోకే తెచ్చుకోండి. మన గాలిలో వాటికి ఊపిరి చాలదు, అందుకే పరిగెత్తాక ఆగి ఆయాసపడతాయి, పక్క రంధ్రాలు తెరుచుకు మూసుకుంటాయి. మీ హీరోయిన్‌కి వాటి బలహీనత దొరికింది, మీ యానిమేటరుకి అవి నిలబడి ఉండే షాట్లు దొరికాయి.

గాజువాక_రెండర్
ఇది బంగారం. నిలబడిన పురుగుకి పని పదో వంతు.

ఎంవీపీ_కెమెరా
కెమెరా వైపు నుంచి నాలుగు మాటలు. కంప్యూటరు పురుగు దొరికిపోయేది ఒంటి దగ్గర కాదు, పాదం నేలని తాకేచోట. ఇసుకలో అయితే ఇంకా కష్టం. అందుకని ఇసుకని నిజంగానే కదిలించి తియ్యండి. ఫోమ్ పాదం ఆకారాన్ని 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద అంటించి, ఆరడుగుల వెదురుకి బిగించి, కాలు పడాల్సిన చోట గట్టిగా పొడిచి ఎత్తండి. గుంట పడుతుంది, అంచు కూలుతుంది, రవ్వ ఎగురుతుంది. తర్వాత కంప్యూటర్లో వెదురుని చెరిపి దాని మీద కంప్యూటరు కాలు పెట్టాలి. వెదురు కన్నా కాలు లావుగా ఉంటే చెరపాల్సిన పని సగం తప్పుతుంది. తడి ఇసుక వద్దు, రెండో టేకుకి అల వచ్చి గుర్తులన్నీ తుడిచేస్తుంది.

చిన్న నమూనా తీస్తే ఫ్రేముల లెక్కా కొబ్బరితోట గారు చెప్పిన వర్గమూలమే. నాలుగో వంతు సైజు నమూనా అయితే రెండు రెట్లు, సెకనుకి 50 ఫ్రేములు. పదహారో వంతు అయితే నాలుగు రెట్లు, 100 ఫ్రేములు. నీళ్లు, నిప్పు చిన్న నమూనాలో పెట్టొద్దు. నీటి బొట్టు చిన్నదవదు, మంట నాలుక చిన్నదవదు, చూడగానే తెలిసిపోతుంది.

రాత్రి వీధి దీపాల కింద సెకనుకి 100 ఫ్రేములు తీస్తే షట్టర్ 1/100 సెకను పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 1/200 పెడితే వెలుగు నెమ్మదిగా పెరిగి తగ్గుతూ ఉంటుంది, ఎడిటింగులో దాన్ని సరిచెయ్యడం కష్టం.

ప్రతి షాటుకి లెన్సు పొడవు, కెమెరా ఎత్తు, వంపు, టైము రాసుకోండి. షాటు అయ్యాక అదే చోట మెరిసే స్టీలు గోళం, బూడిదరంగు గోళం పట్టుకుని పది సెకన్లు తియ్యండి. పురుగు పెంకు నున్నగా మెరిసేది కాబట్టి చుట్టూ ఉన్నది దాని మీద కనపడాలి. స్టీలు గోళాన్ని వెలుగు మోతాదు మారుస్తూ అయిదుసార్లు తియ్యండి, ఒక్కోదానికీ రెండేసి స్టాపుల, అంటే నాలుగు రెట్ల వెలుగు, తేడాతో. ఇసుకలో ట్రాకింగు గుర్తులు (కెమెరా కదలికని సాఫ్ట్‌వేరు పట్టుకోవడానికి) పెట్టకుండా కెమెరా కదిపితే మీ రెండరు మిత్రుడు తలపట్టుకుంటాడు. ఇసుకంతా ఒకేలా ఉంటుంది, సాఫ్ట్‌వేరుకి పట్టు దొరకదు. గవ్వలు, ఎండు కొబ్బరి డొక్కలు చెల్లాచెదురుగా పడెయ్యండి, చెరిపే పని కూడా ఉండదు.

వెలుతురు ఉదయమే. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం కొండల వెనక్కి తొందరగా దిగిపోతాడు. మే రెండో వారంలో, ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే పడి పురుగు గాల్లో తేలుతున్నట్టుంటుంది. ఆ రోజుల్లో పదింటికి కెమెరా మూసెయ్యండి.

భీమిలి_ఫ్రేమ్
నోట్ చేసుకున్నాను. ఇప్పుడు జిగురు. కొబ్బరి చెట్ల మీంచి కారే ఆకుపచ్చ బంక కావాలి, సుమారు పది లీటర్లు. పైనుంచి మనిషి మీద పడాలి కాబట్టి ఒంటికి ఏమీ చెయ్యకూడదు.

పెందుర్తి_ప్రాప్స్
గోరుచిక్కుడు గింజల నుంచి తీసే గ్వార్ గమ్ పొడి, లీటరు నీళ్లకి 8 నుంచి 10 గ్రాములు. పది లీటర్లకి 100 గ్రాములు మించదు. పొడిని నేరుగా నీళ్లలో వేస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడుతుంది, ఎంత తిప్పినా విడిపోదు. ముందు పొడికి నాలుగింతల గ్లిజరిన్‌లో ముద్దలా కలిపి, తర్వాత నీళ్లు పోస్తూ తిప్పండి. గంటసేపు కదపకుండా ఉంచితే బుడగలు పైకి పోతాయి. తీగలా సాగాలంటే పది బెండకాయలు తరిగి, రాత్రి నానబెట్టిన నీళ్లు వడకట్టి కలపండి. ఆహార రంగు చుక్కలు చాలు. ఎక్కువైతే చర్మానికీ తెల్ల చొక్కాకీ పట్టి వదలదు, కంటిన్యుటీ, అంటే షాటుకీ షాటుకీ పోలిక, పోతుంది.

ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి. మన ఎండకి మర్నాటికి పులిసి నీళ్లవుతుంది. కింద టార్పాలిన్ పరిచి, అయ్యాక ఎత్తి తీసుకెళ్లండి. ఇసుకలో వదిలితే పైన జారుడు పొర కడుతుంది, పరిగెత్తే మనిషి పడతాడు.

జోడుగుళ్లపాలెం_తీరం
తీరం మాట వచ్చింది కాబట్టి దయచేసి ఇది వినండి. మన తీరంలో శీతాకాలం నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్లలు రాత్రి గుడ్లలోంచి వచ్చి వెలుతురున్న వైపు నడుస్తాయి. సముద్రం వైపు వెళ్లాల్సినవి మీ లైట్ల వైపు, రోడ్డు వైపు వచ్చేస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రి సీన్లు ఇసుకలో పెట్టొద్దు. పగలు తీసి రాత్రిలా రంగు మార్చుకోవచ్చు. గుడ్లున్న చోట వెదురుతో గుంటలు పొడిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ముందుగా అటవీ శాఖవాళ్లని అడిగి, గూళ్లు లేని చోటు చూపించమనండి.

ఎర్రమట్టి దిబ్బలు అంగారకుడిలా ఉంటాయని అందరికీ ఆశ. అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం, తవ్వడం, మట్టి కదపడం కుదరదు. అనుమతి దొరికినా పైన నడిచే షాట్లే పెట్టుకోండి. డ్రోను సంగతి మర్చిపోండి. ఊరి నిండా నేవీ స్థావరాలు, విమానాశ్రయం కూడా నేవీదే. ఎగరేసి తీరాలంటే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో ఎర్ర జోన్లు, అంటే అనుమతి లేకుండా ఎగరేయకూడని చోట్లు, చూసుకోవాలి.

అక్కయ్యపాలెం_పాతరీలు
కట్టడం, తియ్యడం అందరూ చెప్పారు. చూపించకపోవడం గురించి నేను.

1954లో వచ్చిన *దెమ్!* సినిమాలో పెద్ద చీమల్ని నిజం సైజులో యంత్రాలతో కట్టారు. అయినా మొదట వినిపించేది వాటి కీచుమనే చప్పుడే. మొదటి చీమ కనిపించేది ఇసుక గాలి దుమారంలో. ఆ దుమారం మూడ్ కోసమే కాదు, బొమ్మ లోపాల్ని కప్పే తెర కూడా. మీకు సముద్రపు పొగమంచు, తుపాను వాన ఉన్నాయి కదా.

ఇంకా చవకైన పాఠం టీవీలోనే ఉంది. బీబీసీ 1958 డిసెంబరు నుంచి 1959 జనవరి దాకా ఆరు భాగాలుగా *క్వాటర్‌మాస్ అండ్ ద పిట్* వేసింది, రచయిత నైజెల్ నీల్. లండన్ నేలలో దొరికిన గుళికలాంటి అంతరిక్ష నౌకలో అంగారకుడి పురుగులుంటాయి, మిడతల్లాంటివి, మూడు కాళ్లవి. అన్నీ చచ్చినవే. గాలి తగలగానే కుళ్లిపోవడం మొదలవుతుంది. ఆ శవాల్లో ఒక్కటీ లేచి నడవదు. భయమంతా ఆ శవాలు మన గురించి ఏం చెబుతున్నాయన్నదే. మీ 60 షాట్లలో చచ్చిన పురుగు ఎన్నింటిలో ఉంది? దాన్ని పీతలా వలలో పడినట్టు జాలరి ఒడ్డుకి లాగే సీను పెడితే, ఫోమ్ కాళ్లు రెండూ అక్కడే అయిదు షాట్లకి పనికొస్తాయి.

మన దగ్గర 2012 *ఈగ* ఉంది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు తెచ్చుకున్న పని అది. ఈగకి మాట లేదు, ముఖంలో భావం లేదు, ముందు కాళ్ల సైగలతోనే దాని మనసు చెప్పారు. ఆ ఖర్చు మీ అందుబాటులో లేదు, ఆ పద్ధతి ఉంది. మీ పురుగుకి ఒక్క అలవాటు ఇవ్వండి, ఉదాహరణకి దాడికి ముందు కొమ్ముని ముందు కాలితో తుడుచుకోవడం. రెండోసారి తుడుచుకున్నప్పుడు జనం కుర్చీలు పట్టుకోవాలి. ఆ షాటుకి కావాల్సింది మీ కాలు, మీ తల, అంతే.

సీతమ్మధార_శబ్దం
పాతరీలు గారు చప్పుడన్నారు కాబట్టి నా వంతు.

నడకకి ఎండు కొబ్బరి మట్ట విరుపు, పెంకు రాపిడికి రెండు ఎండు తాటాకులు, దవడకి పీత డొల్ల నలపడం, కీలుకి పచ్చి మునక్కాడ విరవడం. నోటి తడికి కలబంద గుజ్జు పిసకడం. మైకు ఒక జానెడు దూరంలో, ఫ్యాను, ఫ్రిజ్ ఆపేసి, తెల్లవారుజాము నాలుగింటికి తియ్యండి. అప్పుడు హారన్లుండవు.

వేగం సగానికి తగ్గిస్తే శబ్దం ఒక స్థాయి కిందికి దిగి బరువొస్తుంది. కానీ మీద ఉండే పదును కూడా సగానికి పడిపోతుంది. 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చెయ్యమని అందరూ చెబుతారు. మీ మైకు 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోయేదైతే 96 పెట్టినా పైన దొరికేదేమీ లేదు. దానికి విరుగుడు, తగ్గించిన శబ్దం మీద తగ్గించని శబ్దాన్ని సన్నగా కలపడం. కింద బరువు, పైన గీరు, రెండూ ఉంటాయి.

తెర మీద మూడు కాళ్లు ఒక్కసారి పడితే ఒక్క చప్పుడు వెయ్యొద్దు. మూడు చప్పుళ్లు, ఒకదానికొకటి రెండు ఫ్రేముల తేడాతో. ఇసుకైతే ధబ్ అనదు, కుంగిన చప్పుడు. పిండి బస్తా మీద పిడికిలితో గుద్ది చూడండి.

మర్రిపాలెం_దండు
అందరూ ఒక్క పురుగు గురించే అంటున్నారు. దండు లేకపోతే దండయాత్ర ఎక్కడిది? ఒక్క షాటైనా రెండొందల పురుగులు కొండ దిగాలి.

గాజువాక_రెండర్
ఒక్క షాటుకి ఒప్పుకుంటాను. దగ్గరి పురుగు ఆకారానికి 40,000 ముఖాలు (దాన్ని కట్టే చిన్న చదును పలకలు) ఉంటే దూరపుదానికి 3,000 చాలు. కాపీలు కాకుండా ఇన్‌స్టెన్సులుగా, అంటే ఒకే మూల పురుగుని చాలా చోట్ల చూపించేలా, పెట్టండి. అప్పుడు రెండొందలున్నా మెమరీలో ఉండేది ఆ మూల పురుగులే, 12 జీబీ సరిపోతుంది. నడక ఒక్కటే చేసి అందరికీ ఇస్తే పరేడులా ఒక్క అడుగు పడుతుంది, అక్కడే చెడుతుంది. అయిదు నడకలు చెయ్యండి, ఒక్కోదాన్ని వేరే ఫ్రేము దగ్గర మొదలుపెట్టండి, సైజు పది శాతం అటూ ఇటూ మార్చండి, ఇరవైట్లో ఒకటి ఆగి నిలబడాలి. కెమెరా కదపొద్దు. ముందు ఒక నిజమైన తాటిచెట్టు అడ్డం పెడితే సగం దండు దాని వెనకే పోతుంది.

భీమిలి_ఫ్రేమ్
షాట్ల జాబితా మళ్లీ రాశాను. కంప్యూటరు పురుగు 21, దండు 1, ఫోమ్ కాలు, తల 19, చచ్చిన పురుగు 6, నీడ, చప్పుడు, మట్ట గుర్తులు 13. షూటింగు అక్టోబరులో అనుకుంటున్నాం, తాబేళ్ల కాలానికి ముందే. పెందుర్తి అన్నా, ఆ నెలలో వానొస్తే ఫోమ్ కాళ్ల సంగతేటి?

పెందుర్తి_ప్రాప్స్
ఫోమ్‌కి ఏమీ కాదు, ఫెవికాల్ పూతకే దెబ్బ. నీళ్లు తగిలితే తెల్లబడి మెత్తబడుతుంది. వార్నిష్ రెండు పూతలు ఎక్కువ వెయ్యండి, ఈనెలు గుచ్చిన కన్నాల చుట్టూ ఇంకోటి, నీళ్లు దిగేది అక్కడే. కాళ్లని నేల మీద పడుకోబెట్టకుండా తాడుతో వేలాడదీసి దాచండి, లేకపోతే అడుగున ఉన్న ముళ్లు ఒక పక్కకి వాలిపోతాయి. వాన సీను వస్తే వదులుకోకండి. తడిసిన పెంకు మీద ఒక్క లైటు వెనక నుంచి కొడితే ఆ 19 షాట్లూ బాగుపడతాయి.